సొట్ట పడటం రాని లోహం

మొన్న సంక్రాంతికి ఊరెళ్ళా. మాది గజపతినగరం, విజయనగరం నుంచి సాలూరు పోయే రోడ్డు మీద వస్తుంది. పండక్కి ఇల్లు దులుపుతూ అటక మీంచి మా నాన్నమ్మ ఇత్తడి గుండిగ దింపారు. పాత సామాన్లకి స్టీలు డబ్బాలిచ్చేవాడు అప్పుడే వీధిలోకొచ్చాడు కాబట్టి, దాన్ని వదిలించుకుందామని మా పిన్ని ఆలోచన. నేనేమో దాన్ని ఒళ్ళో పెట్టుకుని సొట్టలు లెక్కపెడుతున్నా. పదిహేడు.

"ఏటి బాబూ, గుండిగని పట్టుకుని అలా కూకుండిపోనావు? ఏటుందందులో?" అంది పిన్ని.

ఏముందో చెప్పాలంటే అరగంట పట్టేలా ఉంది. అందుకే పిన్నిని వదిలేసి మీకు చెప్తున్నా :) మీలో సగంమంది నాలాగే ఒక బ్రాంచిలో ఇంజినీరింగు చదివి, ఇంకో పని చేసుకుని బతుకుతున్నవాళ్ళే కదా. నేను చదివింది మెటలర్జీ, చేసేది జావా.

నాన్నమ్మ పుట్టిల్లు నరసన్నపేట వైపు. ఆ గుండిగ బుడితి నుంచి వచ్చిందని ఆవిడ గొప్పగా చెప్పుకునేది. శ్రీకాకుళం జిల్లాలో సరవకోట మండలంలో ఉంటుంది బుడితి, ఇత్తడి, కంచు పనికి పేరున్న ఊరు. నేను రెండో తరగతో, మూడో తరగతో చదివే రోజుల్లో మా వీధికి కళాయి వేసే ముసలాయన ఒకాయన వచ్చేవాడు. నేలలో చిన్న గుంట తవ్వి, బొగ్గులు పోసి, తిత్తి ఊదుతూ గిన్నె కాల్చి, నవాసారం చల్లి, తగరం ముక్క రాసి, దూదితో ఒక్క తుడుపు తుడిచేవాడు. పచ్చటి గిన్నె లోపల చూస్తుండగానే వెండిలా అయిపోయేది. ఆ తెల్లటి పొగ వాసన ఇప్పటికీ గుర్తే.

కళాయికి ముందు సొట్టలు తీసేవాడు. కొత్త సొట్టలైతే కొయ్య సుత్తితో లోపల్నుంచి నాలుగు దెబ్బలేస్తే లేచొచ్చేవి. పాతవైతే ముందు కాల్చేవాడు. "కళాయికెలాగూ కాలుస్తావు, మళ్ళా ఇప్పుడెందుకు?" అని నాన్నమ్మ గీచిగీచి అడిగితే, "కొట్టి కొట్టి బిరుసెక్కిపోనాదమ్మా. ఇప్పుడు కొడితే పగిలిపోద్ది. కాలిస్తే మెత్తబడతాది" అన్నాడు.

ఈ రెండు ముక్కలూ నాకు బీటెక్ రెండో సంవత్సరంలో వర్క్ హార్డెనింగ్, అనీలింగ్ అనే పేర్లతో మళ్ళీ ఎదురొచ్చాయి. బిరుసెక్కడం అనే మాట ముందు వర్క్ హార్డెనింగ్ తేలిపోతుందని నా అభిప్రాయం. సరే, పిడకల వేట ఆపి అసలు విషయానికొస్తా.

లోహం ఎందుకు సొట్టపడుతుంది? పగలకుండా ఎందుకు వంగుతుంది? ఇత్తడైనా, ఇనుమైనా లోపల పరమాణువులు వరసల్లో పేర్చి ఉంటాయి, అంటే స్ఫటికాలు. ఒక వరస మొత్తాన్నీ ఇంకో వరస మీద ఒకేసారి జరపాలంటే చాలా బలం కావాలి. ఎంత కావాలో 1926లో ఫ్రెంకెల్ అనే రష్యన్ శాస్త్రవేత్త లెక్కవేశాడు. తీరా చూస్తే నిజం లోహాలు అందులో వందో వంతుకో, వెయ్యో వంతుకో లొంగిపోతున్నాయి. ఎందుకో 1934లో టేలర్, ఒరోవాన్, పోలాన్యీ ముగ్గురూ ఎవరికి వారే చెప్పారు. పెళ్ళిపందిట్లో పరిచిన పెద్ద జంపఖానాని జానెడు పక్కకి జరపాలనుకోండి. అంచు పట్టుకుని లాగితే పదిమంది ఉన్నా కదలదు. ఒక చివర ముడత లేపి, ఆ ముడతని కాలితో నెట్టుకుంటూ రెండో చివరికి తీసుకెళితే ఒక్కడు చాలు. స్ఫటికంలో ఉండే ఇలాంటి ముడతే డిస్లొకేషన్. లోహం మెత్తదనమంతా ఈ లోపంలోనే ఉంది.

ముడతలు ఎక్కువైతే ఒకదానికొకటి అడ్డుపడి చిక్కుపడిపోతాయి. అదే ముసలాయన చెప్పిన బిరుసు. దీంట్లో ఇంకో సుగుణం ఉంది. సుత్తి పడిన చోటు గట్టిపడింది కాబట్టి తర్వాతి వంపు పక్కనున్న మెత్తటి చోటుకి పోతుంది. మన భాషలో చెప్పాలంటే లోహానికి పుట్టుకతోనే లోడ్ బ్యాలన్సర్ ఉంది. ఒక చోట భారం పెరగ్గానే మిగతాది వేరే చోటికి మళ్ళిస్తుంది. పదిహేడు సొట్టలు పడినా గుండిగ పగలకపోవడానికి కారణం ఇదే.

మరి అసలు స్ఫటికమే లేని లోహం ఉంటే? జంపఖానాయే లేకపోతే ముడత ఎక్కణ్ణుంచొస్తుంది?

మూడో సంవత్సరంలో సెమినారుకి నేనెంచుకున్న అంశం ఇదే. మా మాస్టారొకరు (పేరెందుకులెండి) చూసి, "ఇవన్నీ మనకెందుకయ్యా, క్యాంపస్ వస్తోంది, ఆప్టిట్యూడ్ చూసుకో" అన్నారు. చూసుకున్నా. సెమినారు స్టీలు మీద ఇచ్చేశా. ఉద్యోగమొచ్చింది. ఆయన చెప్పింది తప్పని అనలేను, ఈఎంఐ కడుతున్నది ఆ ఆప్టిట్యూడ్ పుణ్యమే. కానీ వదిలేసిన ఆ అంశం మాత్రం నన్ను వదల్లేదు. తర్వాత ఏడేళ్ళపాటు రాత్రిళ్ళు బిల్డ్ అవుతున్నంతసేపూ ముక్కముక్కలుగా చదివింది ఇక్కడ రాస్తున్నా.

కథ అమెరికాలో కాల్టెక్‌లో మొదలవుతుంది. పోల్ డ్యువే అని బెల్జియం నుంచి వచ్చి అక్కడ స్థిరపడిన ఆచార్యుడు. ఆయన్ని తొలిచిన ప్రశ్న గాజు గురించి కానే కాదు. బంగారం రాగితో పూర్తిగా కలుస్తుంది, వెండితోనూ కలుస్తుంది. మరి రాగి, వెండి ఒకదానితో ఒకటి ఎందుకు పూర్తిగా కలవవు? కరిగినప్పుడు కలిసే ఉంటాయి, చల్లారేటప్పుడు తీరిగ్గా విడిపోతున్నాయేమో, ఆ తీరికే ఇవ్వకపోతే సరి అనుకున్నాడు. కరిగిన చిన్న బొట్టుని గ్యాసు ఒత్తిడితో తుపాకీ గుండులా చల్లటి రాగి పలక మీదకి కొట్టే ఏర్పాటు చేశారు. సెకనుకి పది లక్షల డిగ్రీల వేగంతో చల్లారింది. రాగి, వెండి కలిశాయి. ఆ ఊపులో బంగారం, సిలికాన్ 75-25 పాళ్ళలో కలిపి కొట్టారు. ఎక్స్‌రే తీస్తే స్ఫటికం తాలూకు పదునైన గీతలు లేవు, అలికేసినట్టు ఒక మసక పట్టీ. క్లెమెంట్, విలెన్స్, డ్యువే పేర్లతో 1960 సెప్టెంబరులో 'నేచర్'లో చిన్న ఉత్తరంగా అచ్చయింది. మొదటి లోహపు గాజు అదే.

గాజు అంటే కిటికీ అద్దం గుర్తు తెచ్చుకోకండి. చిన్నప్పుడు స్టాచ్యూ ఆట ఆడేవాళ్ళం కదా. పిల్లలంతా పరిగెడుతుండగా ఎవడో "స్టాచ్యూ" అని అరిస్తే ఎక్కడివాళ్ళక్కడే, ఎలా ఉన్నవాళ్ళలాగే ఆగిపోవాలి. ప్రేయర్ లైన్లో నిలబడే వ్యవధి ఎవరికీ లేదు. పరమాణువులకి అలా జరిగితే అది గాజు. బంగారం 1064 డిగ్రీల దగ్గర, సిలికాన్ 1414 దగ్గర కరుగుతాయి. సరైన పాళ్ళలో కలిపితే మాత్రం 363కే కరిగిపోతాయి. అంత కిందిదాకా ద్రవంగానే ఉంటుంది కాబట్టి వరస కట్టేలోపు స్టాచ్యూ చెప్పెయ్యొచ్చు.

ఈ సంగతి ప్రపంచంలో చాలామంది నమ్మీనమ్మకుండా ఉన్న రోజుల్లోనే మన దేశంలో దీన్ని పట్టుకున్న చోటు బనారస్ హిందూ విశ్వవిద్యాలయం. అక్కడ మెటలర్జీలో టి. ఆర్. అనంతరామన్ అనే ఆచార్యుడు, ఆయన దగ్గర చేరిన కుర్రాళ్ళలో ఇద్దరు తెలుగువాళ్ళు. కృష్ణా జిల్లా కవుతరంలో 1942లో పుట్టిన పాచ్చా రామచంద్రరావు ఒకరు, చల్లపల్లి సూర్యనారాయణ ఇంకొకరు. 1971లో అనంతరామన్, సూర్యనారాయణ కలిసి ఆ మొదటి పదేళ్ళ పనినంతా సమీక్షిస్తూ 'జర్నల్ ఆఫ్ మెటీరియల్స్ సైన్స్'లో వ్యాసం రాశారు. రామచంద్రరావు తర్వాత జంషెడ్‌పూర్ జాతీయ లోహశాస్త్ర ప్రయోగశాలకి 1992 నుంచి పదేళ్ళు డైరెక్టరుగా చేసి, తను చదివిన బనారస్‌కే 2002లో వైస్ ఛాన్సలరుగా వెళ్ళారు. 2010లో పోయారు. సూర్యనారాయణ ఫ్లోరిడా వెళ్ళి, జపాన్ శాస్త్రవేత్త ఇనోయేతో కలిసి రాసిన 'బల్క్ మెటాలిక్ గ్లాసెస్' ఈ రంగంలో అందరి బల్ల మీదా ఉండే పుస్తకం. మనవాళ్ళని చంకలు గుద్దుకోవడానికి రాయట్లేదు. నాలుగేళ్ళు మెటలర్జీ చదివి కూడా నేను ఈ పేర్లు ఒక్కసారైనా వినలేదు. అదీ నా బాధ.

సరే, గాజు లోహం చేశారు. దాని బలమెంత? అక్కడ ఫ్రెంకెల్ కొంతవరకూ గెలిచాడు. ముడతలు లేవు కాబట్టి లొంగదు. తర్వాతి కాలంలో వచ్చిన జిర్కోనియం గాజు ఒకటి దాదాపు 1900 మెగాపాస్కల్స్ దాకా ఓర్చుకుంటుంది. ఇళ్ళకీ, బ్రిడ్జీలకీ వాడే మామూలు స్టీలు 250 దగ్గరే లొంగుతుంది. మామూలు లోహాలు నూటికి అర పాలు కూడా సాగకముందే శాశ్వతంగా వంగిపోతాయి. ఈ గాజులు నూటికి 2 పాళ్ళు సాగి కూడా స్ప్రింగులా వెనక్కొచ్చేస్తాయి. దీని పలక మీద స్టీలు గోళీ వదిలితే మామూలు లోహం మీద కన్నా చాలాసేపు ఎగురుతూనే ఉంటుంది. వీడియోలున్నాయి, చూడండి.

ఆ 2 శాతం దాటాక ఏమవుతుందన్నదే అసలు కథ. లాగితే, వంగకుండా, సొట్టపడకుండా, చెప్పాపెట్టకుండా ఏటవాలుగా రెండు ముక్కలు. మరి పింగాణీలా పెళుసా అంటే అదీ కాదు. వెంట్రుకలో సగం మందమైన గాజు లోహపు రిబ్బన్లని రెండుగా మడిచినా విరగవు. మడత దగ్గర మైక్రోస్కోపులో చూస్తే మెట్లు మెట్లుగా సన్నటి గీతలు. అవే షియర్ బ్యాండ్లు. వంపంతా ఆ గీతల్లోనే జరిగింది, గీతకీ గీతకీ మధ్య లోహం చెక్కుచెదరలేదు. ఒక్కో బ్యాండు మందం పది, ఇరవై నానోమీటర్లు, అంటే కొన్ని పదుల పరమాణువులు. విరిగిన ముఖం మీద నరాల్లాంటి గుర్తులు. జిగట పూసిన రెండు అద్దాలని అతికించి లాగితే వస్తాయే, అలాంటివి. అంటే ఆ క్షణంలో ఆ సన్నటి పొరలో లోహం ద్రవంలా పారింది! 2000 డిగ్రీల కొలిమి లేదు, ఏమీ లేదు.

ఎందుకు పారింది? ఇక్కడ పండితులు రెండు వర్గాలైపోయారు. 1972లో లీమీ, చెన్, వాంగ్ వేడి వల్ల అన్నారు. సన్నటి పొరలో అంత వేగంగా జారితే పుట్టిన వేడి బయటికి పోయే వ్యవధి లేక అక్కడే కూడుకుని మెత్తబడింది, మెత్తబడింది కాబట్టి ఇంకా జారింది. రెండో వర్గం, కాదు, వేడి తర్వాత సంగతి, ముందు నిర్మాణమే వదులవుతుంది అంది. 1977లో హార్వర్డ్‌లో స్పేపెన్ దీనికి లెక్క కట్టాడు. గాజులో పరమాణువుల మధ్య అక్కడక్కడ కాస్త ఖాళీ చోటు ఉంటుంది. బలంగా తోస్తే ఒక పరమాణువు తనకి చాలని సందులోకి దూరి పక్కవాళ్ళని నెడుతుంది, దాంతో ఖాళీ పెరుగుతుంది. పెరిగింది కాబట్టి తర్వాతివాడు ఇంకా తేలిగ్గా దూరతాడు.

రెండేళ్ళకి ఎం.ఐ.టి.లో అలీ ఆర్గన్ ఇంకో మెట్టు ఎక్కాడు. ఇస్తాంబుల్లో పుట్టినాయన. ఒక్క పరమాణువు కాదు, కొన్ని పదుల పరమాణువుల గుంపు కలిసికట్టుగా ఒక్కసారి సర్దుకుంటుందన్నాడు. నాకు బాగా నచ్చింది ఆయన ప్రయోగం. సబ్బు బుడగలు! ఒకే సైజు బుడగల్ని నీటి మీద తేలిస్తే అవి వరసకట్టి స్ఫటికంలా ఉంటాయి, అందులో డిస్లొకేషన్ పరిగెట్టడం కంటికి కనబడుతుంది. ఇది 1947లోనే బ్రాగ్, నై చేసి చూపించారు. ఆర్గన్, కువో చిన్నా పెద్దా బుడగలు కలిపేశారు. వరస లేదు. తోస్తే అక్కడో గుంపు, ఇక్కడో గుంపు గబుక్కున సర్దుకోవడం కనిపించింది. బట్టలు నానబెట్టిన బకెట్లో నురగని వేలితో తోసి నేనూ చూశా. పరిశోధన అంతకంటే ముందుకి సాగలేదనుకోండి :)

ఒక గుంపు సర్దుకోగానే దాని మీద భారం పక్క గుంపు మీద పడుతుంది. అది సర్దుకుంటే ఆ పక్కది. ప్రొడక్షన్లో ఒక సర్వరు పడిపోతే దాని ట్రాఫిక్కంతా పక్కదాని మీద పడి, అది కూడా పడి, అలా తెల్లారేలోపు మొత్తం క్లస్టరు నేలకరవడం మనలో ఎంతమంది చూళ్ళేదు? ఇత్తడి భారాన్ని చెదరగొడుతుంది, గాజు లోహం ఒకే గీత మీదకి పోగుచేస్తుంది.

వేడా, వదులా అన్న తగువు మాత్రం చాలాకాలం తేలలేదు. రిబ్బన్ల మీద చేయగలిగిన ప్రయోగాలు తక్కువ. 1993లో కాల్టెక్‌లోనే పెకర్, జాన్సన్ జిర్కోనియం, టైటానియం, రాగి, నికెల్, బెరీలియం కలిపి సెంటీమీటర్ల మందాన పోతపోయగల గాజు చేశాక పెద్ద ముక్కలు చేతికొచ్చాయి. (గోల్ఫ్ బ్యాట్లు చేశారు, కంపెనీ పెట్టారు, 2010లో ఆపిల్ ఆ కంపెనీతో ఒప్పందం చేసుకుంది. ఒకప్పటి ఐఫోన్లో సిమ్ము తీసే పిన్ను ఈ లోహంతోనే చేశారు. ఇంత కథకి పిన్నా అని నవ్వొచ్చింది నాకు.)

ఇప్పుడు కళాయి దగ్గరికి వద్దాం. బ్యాండు నానోమీటర్ల మందం, వేడి ఉండేది నానోసెకన్లు. దాన్ని కొలిచే థర్మామీటరేది? 2006లో అమెరికాలో లెవాండోస్కీ, కేంబ్రిడ్జిలో గ్రీర్ కలిసి దీనికో ఉపాయం చేశారు. గాజు లోహం ముక్కల మీద పల్చగా తగరం పూత పూశారు. అవును, కళాయే! తగరం 232 డిగ్రీలకి కరుగుతుంది. ముక్క మీద భారం వేసి తర్వాత చూస్తే, బ్యాండు బయటికొచ్చిన చోట తగరం కరిగి చిన్నచిన్న పూసలుగా గడ్డకట్టి ఉంది. కాబట్టి వేడి నిజం, బ్యాండు మధ్యలో క్షణకాలం వేల డిగ్రీలు ఉండొచ్చు కూడా. కానీ తగరం కరిగిన మేర బ్యాండు కంటే చాలా వెడల్పు. బ్యాండు అంత సన్నగా ఉండటానికి కారణం వేడే అయితే అది అంత వెడల్పూ ఉండాలిగా. అంటే జారుడు ముందు, వేడి వెనక. ఈ వ్యాసం చదివిన రాత్రి నాకు మా వీధి ముసలాయన కళ్ళముందు మెదిలాడు. దూది తుడుపులో తగరం ఎప్పుడు పారుతుందో చూసి ఆయన గిన్నె వేడి చెప్పేవాడు. వీళ్ళు చేసిందీ అదే పని.

అదే ఏడాది బెంగుళూరు ఐఐఎస్సీ నుంచి ఇంకో ఫలితం వచ్చింది. నాకు ఇది అంతకంటే ముఖ్యం. గాజు లోహం ముక్కని శనగ బద్దల్లా రెండుగా కోసి, కోసిన ముఖాలు నున్నగా చేసి, మళ్ళీ అతికించి, సరిగ్గా అతుకు మీద వజ్రపు మొనతో నొక్కి, ఆపైన విడదీస్తే లోపల ఏం జరిగిందో తెరిచిన పుస్తకంలా కనబడుతుంది. నొక్కుడు కింద షియర్ బ్యాండ్లు. ఆ నలిగిన మేరలో ఇంకా చిన్న మొనతో గట్టిదనం కొలిచారు. నలగని చోటు కంటే మెత్తగా ఉంది. ఇత్తడి కొట్టిన చోట బిరుసెక్కుతుంది, ఇది కొట్టిన చోట మెత్తబడుతుంది! అందుకే రెండో దెబ్బ కూడా అక్కడికే పోతుంది. భౌమిక్, రాఘవన్, ఛటోపాధ్యాయలతో కలిసి ఆ పని చేసినవారు ఉపద్రష్ట రామమూర్తి.

మరుసటేడు, 2007లో, క్రిస్టఫర్ షూ, టాడ్ హఫ్‌నేగల్, ఉపద్రష్ట రామమూర్తి ముగ్గురూ 'ఆక్టా మెటీరియాలియా'లో ఒక పెద్ద సమీక్ష రాశారు. గాజు లోహాలు ఎలా వంగుతాయి, ఎలా విరుగుతాయి అన్నదాని మీద అప్పటిదాకా తెలిసినదంతా ఒక్క చోట. ఈ అంశం మీద ఎవరు ఏం రాసినా దాన్ని ఉటంకించకుండా ముందుకెళ్ళరు. సెమినారు కోసం నేను మొదట దింపుకున్న పీడీఎఫ్ అదే. పొడి అక్షరంతో 'యు. రామమూర్తి' అని చూసి తమిళాయన కాబోలనుకున్నా. ఆయన మెటలర్జీ చదివింది వైజాగులో, ఆంధ్రా యూనివర్సిటీలోనని తెలిసింది ఉద్యోగంలో చేరిన చాన్నాళ్ళకి. గజపతినగరం నుంచి పొద్దున్న బస్సెక్కితే మధ్యాన్నం భోజనానికి ముందే ఉండే చోటు! అక్కణ్ణుంచి ఐఐఎస్సీ, బ్రౌన్‌లో పీహెచ్‌డీ, మళ్ళీ ఐఐఎస్సీలో ఏళ్ళతరబడి పని, 2011లో భట్నాగర్ బహుమతి, ఆపైన సింగపూరు. "ఇవన్నీ మనకెందుకయ్యా" అన్న మాట గుర్తొచ్చి ఆ రోజు కాసేపు ఊరికే కూర్చున్నా.

ముసలాయన రెండో ముక్క, అదే "కాలిస్తే మెత్తబడతాది", కూడా ఇక్కడ తలకిందులే. గాజు లోహాన్ని స్ఫటికం కట్టనంత తక్కువ వేడిలో కాసేపు ఉంచితే పరమాణువులు కాస్త సర్దుకుని ఆ ఖాళీలు తగ్గిపోతాయి. ఖాళీలు పోతే గుంపులు కదలవు, లోహం పెళుసైపోతుంది. రామమూర్తి బృందం 2002లోనే దీని మీద రాసింది. ఇది పుస్తకాల్లో ఉండే బెంగ కాదు. ఇనుప గాజు రిబ్బన్లతో కరెంటు ట్రాన్స్‌ఫార్మర్ల కోర్లు చేస్తారు, స్టీలు కోర్ల కంటే ఖాళీగా ఉన్నప్పుడు వృథా బాగా తక్కువ. కానీ అయస్కాంత గుణం కోసం ఆ కోరుని కాల్చక తప్పదు. కాల్చాక అది అప్పడంలా విరుగుతుంది, ఎంతో జాగ్రత్తగా పట్టుకోవాలి.

మరి మెత్తబరచాలంటే? 2008లో కాల్టెక్‌లో హాఫ్‌మన్ బృందం గాజు మధ్యలో కావాలనే కొమ్మల్లాంటి స్ఫటికాలు పెంచింది. పరిగెత్తుకొచ్చే బ్యాండు ఆ కొమ్మకి తగిలి ఆగుతుంది, ఇంకో చోట ఇంకో బ్యాండు మొదలవ్వాలి. లాగితే ఠక్కున విరగాల్సింది నూటికి పది పాళ్ళకి పైగా సాగింది. అరవై ఏళ్ళ కిందట కష్టపడి స్ఫటికాన్ని తీసేసి, మళ్ళీ కొంచెం తెచ్చి పెట్టుకున్నారన్నమాట. 2015లో గ్రీర్ ఉన్న బృందమే ఇంకో విచిత్రం చూపించింది. గాజు లోహాన్ని ద్రవ నైట్రోజన్లో ముంచి, తీసి, గది వేడికి తెచ్చి, మళ్ళీ ముంచి, ఇలా పదేపదే చేస్తే లోపల ఒక్కో చోటు ఒక్కోలా కుంచించుకుని, సర్దుకున్న పరమాణువులు మళ్ళీ చెదిరి, లోహం కుర్రదవుతుంది, మునుపటికంటే బాగా వంగుతుంది. మన కళాయి ఆయనకి చెబితే నమ్మడు. చల్లబెట్టి మెత్తబరచడమేటి బాబూ అంటాడు.

మొదటి బ్యాండు ఎక్కడ పుడుతుందో ముందే చెప్పగలమా అన్న ప్రశ్న మీద ఇప్పటికీ వ్యాసాలు వస్తూనే ఉన్నాయి. ఈమధ్య మెషీన్ లెర్నింగ్ వాళ్ళు కూడా దిగారు. పరమాణువుల అమరిక ఇచ్చి ఏ గుంపు మెత్తన అని మోడల్ని అడుగుతున్నారు. పాత బ్రాంచీ, కొత్త ఉద్యోగం ఒక్కచోట కలవడం చూసి రెండు వారాంతాలు నేనూ కోడు రాశా. బుడగల పరిశోధన కంటే కాస్త ముందుకెళ్ళింది.

గుండిగని స్టీలు డబ్బాలకి ఇవ్వనివ్వలేదు. ఊళ్ళో కళాయి వేసేవాళ్ళెవరూ ఇప్పుడు లేరట, లోపల తగరం అరిగి పచ్చగా కనబడుతోంది. "వొండుకోడానికి కాదు, కడగడానికి కాదు, ఏటి చేసుకుంతావు బాబూ?" అని పిన్ని నవ్వుతూనే పాత చీరలో చుట్టి ఇచ్చింది. వచ్చేటప్పుడు రైల్లో పై బెర్తు మీంచి కిందపడి పద్దెనిమిదో సొట్ట పడింది.